ట్రాక్టరుకు పెద్ద టైర్లు - డీజిలు ఖర్చు

ట్రాక్టరు వెనుక టైర్లు అరిగి మార్చవలసి వచ్చినపుడు రైతులకు ఒక సందేహము కలుగుచుండును. పాత కొలత టైర్లే వేయించవలెనా, లేక ఒక సైజు పెద్దవి వేయించవలెనా? పెద్ద టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరము పోవును గనుక డీజిలు కలిసివచ్చునని కొందరందురు. పెద్ద టైరును త్రిప్పుటకు ఇంజను ఎక్కువ శ్రమపడును గనుక డీజిలు ఎక్కువ త్రాగునని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను కొంత నిజమున్నది. అయితే ఏ మాట తమ ట్రాక్టరుకు, తమ నేలకు వర్తించునో తెలిసికొనక వేలకొలది రూపాయలు టైర్లపై పెట్టుట మంచిది కాదు. దానిని తెలిసికొను ఉపాయము కష్టమైనది కాదు. ఒక సుద్దముక్క, ఒక కొలతటేపు, ఒక లీటరు డబ్బా ఉన్నచో ఏ రైతైనను తన పొలములోనే తేల్చుకొనవచ్చును.

టైరుమీది అంకెలు

వెనుక టైరు ప్రక్కన 13.6-28 అనియో, 14.9-28 అనియో, 16.9-28 అనియో వ్రాసియుండును. మొదటి అంకె టైరు వెడల్పును, రెండవ అంకె రిమ్ము అడ్డుకొలతను అంగుళములలో తెలుపును. పై మూడింటికి రిమ్ము అడ్డుకొలత 28 అంగుళములే. కాని టైరు వెడల్పు పెరిగినకొలది ఎత్తుకూడ పెరుగును. 13.6-28 టైరు నిండుగా గాలి పెట్టినపుడు సుమారు 131 సెంటీమీటర్ల ఎత్తుండును. 14.9-28 టైరు సుమారు 137 సెంటీమీటర్లు, 16.9-28 టైరు సుమారు 143 సెంటీమీటర్లు ఉండును. కంపెనీని బట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు అటునిటు కావచ్చును.

అనగా మొదటి దానినుండి రెండవ దానికి మారినచో చక్రము చుట్టుకొలత నూటికి 4 లేక 5 పాళ్లు పెరుగును. మూడవ దానికి మారినచో 9 పాళ్లు పెరుగును. డీజిలు లెక్క అంతయు ఈ చిన్న తేడానుండియే ప్రారంభమగును.

పెద్ద చక్రము చేయు మార్పు

చక్రము పెద్దదైనచో అదే గేరులో, అదే యాక్సిలేటరులో ట్రాక్టరు కొంచెము వేగముగా పోవును. కాని లాగుడు బలము అదే పాలున తగ్గును. ఇంజను శక్తి పెరగలేదు గదా! వేగము నూటికి 5 పాళ్లు పెరిగిన, బలము దాదాపు 5 పాళ్లు తగ్గవలసినదే. ఇది గేరును కొంచెము పైకి మార్చుట వంటిది.

తేలిక పనిలో ఒక గేరు పైకి వేసి, యాక్సిలేటరు తగ్గించి నడిపినచో డీజిలు కొంత కలిసివచ్చుట నిజమే. కాని ఈ లాభమును పొందుటకు కొత్త టైరు కొననక్కరలేదు. గేరు పెట్టెలో నున్న గేర్లే ఆ పని చేయును. కల్టివేటరుతో పైపై దున్నునపుడు ఇంజను పొగ నల్లగా మారనంతవరకు ఈ విధముగా నడుపవచ్చును. నల్లపొగ వచ్చినచో ఇంజనుమీద బరువు ఎక్కువైనదని గ్రహించి వెంటనే గేరు తగ్గించవలెను.

రోటవేటరు విషయములో మరియొక సంగతి గమనింపవలెను. రోటవేటరును త్రిప్పు పి.టి.ఓ. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు తిరుగుట ఇంజనును బట్టి యుండునే గాని, టైరును బట్టి యుండదు. టైరు పెద్దదైనచో బండి ముందుకు త్వరగా పోవును, కత్తులు మాత్రము పాత వేగముననే తిరుగును. అందువలన మట్టి కొంచెము ముతకగా తెగును. మెత్తని దుక్కి కావలసినచో చిన్న గేరు వేయవలసి వచ్చును. అప్పుడు పెద్ద టైరువలన వచ్చిన వేగము పోయినట్లే.

పొలములో డీజిలు ఎక్కడ పోవుచున్నది?

ఇంజనులో పుట్టిన శక్తి అంతయు నాగలికి చేరదు. దానిలో అధిక నష్టము టైరు నేలను తాకు చోటనే కలుగును. ఈ నష్టము రెండు విధములు.

మొదటిది చక్రము జారుట. దీనినే డ్రైవర్లు స్లిప్పు అందురు. చక్రము తిరిగినంత దూరము బండి ముందుకు పోదు. నాగలి బరువుకు మట్టి వెనుకకు త్రోయబడి, చక్రము కొంత వృథాగా తిరుగును. ఆ వృథా చుట్లకు కూడ డీజిలు కాలుచునే యుండును.

రెండవది చక్రము దిగబడుట. మెత్తని నేలలో టైరు గాడిచేసికొనుచు, ఆ గాడినుండి ఎల్లప్పుడు పైకెక్కుచున్నట్లే నడచును. తారురోడ్డుమీద బండిని దొర్లించుటకు కావలసిన బలముకంటె దున్నిన మెత్తని నేలలో నాలుగైదు రెట్ల బలము కావలెను.

ఒకప్పుడు ట్రాక్టర్లకు ఇనుప చక్రములే ఉండెడివి. 1932లో అమెరికాలో ఆలిస్-ఛామర్స్ కంపెనీవారు గాలిటైర్ల ట్రాక్టర్లను అమ్మకమునకు తెచ్చిరి. కొలది సంవత్సరములలోనే ఇనుప చక్రములు వెనుకబడిపోయినవి. గాలిటైరు నేలమీద పరచుకొని బరువును ఎక్కువ చోటున పంచుటయే దీనికి ముఖ్య కారణము. పెద్ద టైరువలన కలుగు నిజమైన లాభముకూడ ఇదియే. అది వెడల్పుగా, పొడవుగా నేలను పట్టును. తక్కువ గాలితో అదే బరువును మోయును. తక్కువ దిగబడును, తక్కువ జారును.

కావున గుర్తుంచుకొనవలసిన సూత్రము ఇది: టైరు పెద్దదైనంత మాత్రమున డీజిలు ఆదా కాదు, చక్రము జారుట తగ్గిననే ఆదా అగును. మీ చక్రము ఇంతకుముందే తక్కువగా జారుచున్నచో, పెద్ద టైరు దున్నకమున మీకు మిగిల్చునది చాల స్వల్పము.

జారుట కొలుచు పద్ధతి

దీనికి ఇద్దరు మనుష్యులు చాలును. వెనుక చక్రముపై సుద్దతో స్పష్టమైన గీత గీయవలెను. దున్నవలసిన పొలములోనే, నాగలిని పైకెత్తి, దున్ను గేరులోనే ట్రాక్టరును నడుపవలెను. రెండవ మనిషి చక్రమునకు తగినంత దూరముగా నడచుచు, గీత క్రిందికి వచ్చినపుడు నేలపై పుల్ల గ్రుచ్చి, చక్రము సరిగా 10 చుట్లు తిరిగినపిమ్మట మరియొక పుల్ల గ్రుచ్చవలెను. ఈ రెండు పుల్లల మధ్య దూరమును కొలువవలెను. తరువాత నాగలిని దించి, మామూలు లోతున దున్నుచు, మరల 10 చుట్ల దూరమును కొలువవలెను.

ఉదాహరణకు నాగలి ఎత్తినపుడు 10 చుట్లకు 40 మీటర్లు, దున్నునపుడు 31.2 మీటర్లు వచ్చినవనుకొనుడు. తేడా 8.8 మీటర్లు. దీనిని 40చే భాగించి 100చే హెచ్చించిన 22 వచ్చును. అనగా నూటికి 22 పాళ్లు చక్రము వృథాగా తిరుగుచున్నది.

దున్నని గట్టినేలలో 10 నుండి 12 పాళ్లు, దున్నిన నేలలో 12 నుండి 15 పాళ్లు జారుట తగినది. మెత్తని నేలలో 16 పాళ్ల వరకు ఉండవచ్చును. అంతకు మించిన డీజిలు, టైరు రెండును అరుగుచున్నవని తెలిసికొనవలెను. 8 పాళ్లకు తగ్గిన అదియును మంచిది కాదు. ట్రాక్టరుపై అనవసరమైన బరువు ఎక్కువగా ఉన్నదని దాని అర్థము. ఆ బరువును మోయుటకే డీజిలు ఖర్చగుచుండును.

ముందుగా ఖర్చులేని పనులు

జారుట ఎక్కువగా ఉన్నచో వెంటనే టైర్ల దుకాణమునకు పోనక్కరలేదు. క్రింది పనులు వరుసగా చేసి, ఒక్కొక్కదాని తరువాత మరల కొలిచి చూడవలెను.

1. గాలి సరిచూచుట: చాలమంది రోడ్డు పనికి పెట్టిన గాలితోనే పొలములోనికి దిగుదురు. ఇది పొరపాటు. పొలము పనికి వెనుక టైర్లలో గాలి తక్కువగాను, రోడ్డుపై బరువు లాగునపుడు ఎక్కువగాను ఉండవలెను. పెక్కు ట్రాక్టర్లకు పొలములో 12 నుండి 14 పౌండ్లు సరిపోవును. మీ ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో చెప్పిన కొలతయే ప్రమాణము. దానిలో చెప్పిన తక్కువ పరిమితికంటె క్రిందికి పోరాదు. పోయినచో టైరు ప్రక్కలు పగులును, రిమ్ముపై టైరు జారి ట్యూబు వాల్వు తెగును.

2. బరువు సరిచూచుట: లోతు దుక్కికి చక్రములకు ఇనుప బరువులు తగిలించుటయో, టైర్లలో ముప్పాతికవంతు నీరు నింపుటయో చేయుదురు. ఒక్కొక్క వెనుక టైరులో 150 లీటర్లకు పైగా నీరు పట్టును. రెండు టైర్లలో కలిపి 300 కిలోలకు మించిన బరువు అగును. లోతు దుక్కిలో దీనివలన మేలున్నది. అదే బరువుతో సంవత్సరమంతయు ట్రాలీ లాగినచో డీజిలు దండుగ.

3. టైరు దిశ చూచుట: టైరు ప్రక్కనున్న బాణపుగుర్తు ముందుకు తిరుగు దిశను చూపవలెను. టైరు తిరగవేసి బిగించినచో గుబ్బల సందులలోని మట్టి రాలక పట్టు తప్పును.

4. నాగలి లోతు, పదును చూచుట: అరిగిన కర్రులతో దున్నిన లాగుడు బరువెక్కును. పైరుకు అక్కరలేని లోతు దున్నుట కూడ డీజిలు నష్టమే. నల్లరేగడి నేలలలో పదును దాటిన పిమ్మట దున్నుట కంటె, తగిన పదునులో దున్నుటవలన లాగుడు చాల తగ్గును.

ఈ నాలుగు పనులు చేసిన పిమ్మటకూడ జారుట 18, 20 పాళ్లకు పైగా ఉన్నచో, అప్పుడు పెద్ద టైరు సంగతి ఆలోచించుట సబబు.

రోడ్డుపై లెక్క వేరు

ధాన్యము, చెరకు, ఇసుక మొదలగువాటిని ట్రాలీలో తోలునపుడు తారురోడ్డుపై చక్రము దాదాపు జారదు. కనుక పెద్ద టైరు ఆదా చేయుటకు అక్కడ ఏమియు లేదు. పైగా టైరు బరువు పెరిగినది, ప్రతి బయలుదేరుడులోను దానిని త్రిప్పవలెను. లాగుడు బలము తగ్గినందున కాలువగట్టు ఎక్కునపుడు, వంతెన ఎక్కునపుడు ఒక గేరు తగ్గించవలసి వచ్చును. బ్రేకు పట్టుకూడ అదే పాలున తగ్గును. నిండు ట్రాలీతో పల్లమునకు దిగువారు ఈ సంగతి మరువరాదు.

రోడ్డుపై డీజిలు మిగిల్చునది టైరు సైజు కాదు, సరియైన గాలి. ముఖ్యముగా ట్రాలీ టైర్లలో గాలి తగ్గినచో అవి నలుగుచు వేడెక్కుచు ఇంజను శక్తిని హరించును. పొలములో తక్కువ గాలి మేలు చేయగా, రోడ్డుపై అదియే కీడు చేయును.

మీటరు మోసము

పెద్ద టైర్లు వేసిన తరువాత కొందరు మీటరు చూచి తప్పు నిర్ణయమునకు వచ్చుచుందురు. కూరగాయలు తోలు పికప్ బండిని ఉదాహరణగా తీసికొందము. దాని మీటరు చక్రపు చుట్లను లెక్కించి కిలోమీటర్లుగా చూపును. టైరు చుట్టుకొలత నూటికి 5 పాళ్లు పెరిగినచో, మీటరు 120 కిలోమీటర్లు చూపునపుడు బండి నిజముగా 126 కిలోమీటర్లు పోయినది. 10 లీటర్లు ఖర్చయినచో, మీటరు ప్రకారము లీటరుకు 12, నిజముగా 12.6 కిలోమీటర్లు. టైరు మార్చిన తరువాత మీటరు లెక్కను 1.05చే హెచ్చించిననే సరియైన లెక్క వచ్చును. వేగము కూడ అట్లే. మీటరు 60 చూపునపుడు బండి 63లో పోవుచుండును. ఆ సంగతి డ్రైవరు తెలిసియుండవలెను.

ట్రాక్టరు గంటల మీటరు సంగతి వేరు. పాతరకపు మీటరు ఇంజను చుట్లను బట్టి తిరుగును, చక్రమును ఎరుగదు. కావున గంటకు ఎన్ని లీటర్లు కాలినదను లెక్క టైరు మంచిచెడ్డలను చెప్పజాలదు. ఎకరాకు ఎన్ని లీటర్లు అనునదే రైతు లెక్క. చదునైన చోట ట్రాక్టరును నిలిపి ట్యాంకు అంచువరకు నింపి, కొలిచిన ఒక ఎకరా, అనగా 100 సెంట్లు లేక 40 గుంటలు దున్ని, మరల అదే చోట నిలిపి లీటరు డబ్బాతో నింపినచో ఖర్చు తేలును. టైరు మార్చుటకు ముందు, తరువాత ఒకే పొలములో, ఒకే పదునులో, ఒకే లోతున ఈ పరీక్ష చేయవలెను.

పైరు సాళ్లు, నేల గట్టిపడుట

టైరు కొనునపుడు డీజిలుతోపాటు పైరునుకూడ తలచుకొనవలెను. 13.6 అంగుళముల టైరు సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు, 16.9 అంగుళముల టైరు సుమారు 43 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. 60 సెంటీమీటర్ల సాళ్ల మొక్కజొన్నలో అంతరకృషికి పోయినచో చిన్న టైరుకు ఇరుప్రక్కల 12 సెంటీమీటర్లకు పైగా చోటు మిగులును. పెద్ద టైరుకు మిగులునది 8 సెంటీమీటర్లే. అనుభవముగల డ్రైవరు చేతిలోకూడ మొక్కలు నలుగును. 90 సెంటీమీటర్ల సాళ్ల ప్రత్తిలో మాత్రము, మొక్కలు చిన్నవిగా నున్నపుడు, ఇబ్బంది లేదు.

నేల విషయములో వెడల్పు టైరు కొంత మేలు చేయును. టైరులోని గాలి ఎంత ఒత్తిడితో నున్నదో, నేలపై పైపొరలో దాదాపు అంతే ఒత్తిడి పడును. కనుక పెద్ద టైరు వేసి గాలి తగ్గించినచో పైపొర తక్కువగా గట్టిపడును. పెద్ద టైరు వేసియు పాత గాలియే ఉంచినచో లాభములో పెద్దభాగము పోయినట్లే. అయితే లోతుపొరల గట్టిదనము బండి మొత్తము బరువును బట్టి ఉండును, దానికి వెడల్పు టైరు మందు కాదు. తడినేలలోనికి దిగకుండుటయే దానికి మందు.

దమ్ముచేయు మడులలో మాత్రము టైరు సైజుపై ఆశ పెట్టుకొనరాదు. బురదలో ఏ టైరు గుబ్బలైనను మట్టితో పూడుకొని నున్నబడును. అక్కడ కేజ్‌వీల్సే తగినవి. వాటితో రోడ్డుపైకి వచ్చినచో రోడ్డు పాడగును గనుక పొలమువద్దనే తగిలించి, పొలమువద్దనే తీయవలెను.

నాలుగు చక్రములు లాగు ట్రాక్టర్లు

ఫోర్‌వీల్ డ్రైవు ట్రాక్టరు గలవారు వెనుక టైర్లను మాత్రమే పెద్దవి వేయరాదు. ఈ ట్రాక్టర్లలో ముందు చక్రములు వెనుక వాటికంటె కొంచెము ముందడుగుగా లాగునట్లు గేర్ల లెక్క అమర్చియుందురు. వెనుక టైరు పెరిగినచో ఆ లెక్క తారుమారై, ముందు చక్రములు లాగుటకు బదులు ఈడ్వబడును. ముందు టైర్లు త్వరగా అరుగును, గేర్లపై భారము పడును, డీజిలు పెరుగును. మార్చినచో నాలుగు టైర్లను కంపెనీవారు తెలిపిన జతప్రకారమే మార్చవలెను.

ఏ ట్రాక్టరుకైనను రిమ్ము వెడల్పు కొత్త టైరుకు తగినదేనా, మడ్గార్డునకు టైరు రాచుకొనునా అని ముందే చూడవలెను. ఆ నమూనాకు కంపెనీవారు అంగీకరించిన కొలతలు పుస్తకములో నుండును. వాటిని దాటరాదు.

లాభనష్టముల లెక్క

ఇప్పుడు రూపాయలలో చూతము. జారుట 22 పాళ్లనుండి పెద్ద టైరువలన 14 పాళ్లకు తగ్గినదనుకొందము. పూర్వము 100 పాళ్లు తిరిగిన చక్రము, ఇప్పుడు అదే దూరమునకు 91 పాళ్లు తిరిగిన చాలును. లాగుడు అదేయైనచో డీజిలు కూడ ఇంచుమించు నూటికి 9 పాళ్లు తగ్గును. లోతు దుక్కికి ఎకరాకు 6 లీటర్లు కాలుచున్నచో, ఆదా సుమారు అర లీటరు. లీటరు 95 రూపాయలని లెక్కవేసిన ఎకరాకు సుమారు 47 రూపాయలు.

పాత కొలతకు బదులు పెద్ద జత వేయుటవలన, రిమ్ములతో కలిపి, 20,000 రూపాయలు అదనముగా ఖర్చయినదనుకొనుడు. ఆ సొమ్ము తిరిగి రావలెనన్న 420 ఎకరములు దున్నవలెను. సొంత పొలము 10 ఎకరములను సంవత్సరమునకు నాలుగు మారులు దున్ను రైతుకు 40 ఎకరములే అగును. అతనికి పెట్టుబడి తిరిగివచ్చుటకు పది సంవత్సరములకు పైగా పట్టును. అప్పటికి ఆ టైర్లే ఉండకపోవచ్చును. సంవత్సరమునకు 400 ఎకరములు బాడుగకు దున్ను ట్రాక్టరుకో, సంవత్సరము కొద్దిగా దాటగనే పెట్టుబడి చేతికివచ్చును. బండి ఎక్కువ కాలము ట్రాలీ పనిలోనే ఉండునట్లయిన ఈ ఆదా అసలే లేదు. ఈ అంకెలు ఉదాహరణకు ఇచ్చినవి. రైతులు తమ పొలములో వచ్చిన అంకెలను వీటి స్థానమున వేసికొని చూచుకొనవలెను.

ముగింపు

అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వమువారి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. యంత్రముల వాడుకలో అక్కడ శిక్షణ నిత్తురు. మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్రములో ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు వెలువరింతురు. క్రొత్త ట్రాక్టరు కొనువారు ఆ నమూనాను ఏ కొలత టైర్లతో, ఎంత బరువుతో పరీక్షించిరో ఆ నివేదికలో చూచుకొనుట మంచిది.

పాత ట్రాక్టరు గలవారు రాబోవు దుక్కులలోనే సుద్దగీత పరీక్ష చేసి, జారుట ఎంతయో వ్రాసి ఉంచుకొనవలెను. 15 పాళ్ల లోపున ఉన్నచో పాత కొలత టైర్లే మేలు. 20 పాళ్లు దాటినచో ముందు గాలి, బరువు, కర్రు సరిచేయవలెను. అప్పటికిని తగ్గనిచో, బాడుగ దుక్కి ఎక్కువగా చేయువారికి పెద్ద టైరు లాభించును. దుకాణములో అడుగవలసినది ఏ టైరు పెద్దదని కాదు. మీ నేలలో, మీ పనికి ఎకరాకు తక్కువ డీజిలు తీసికొనునది ఏదో ముందు మీ పొలములో తేల్చుకొని, ఆ పిమ్మట దుకాణమునకు పోవలెను.